అరచేతికి తగిలిన వేడి

తాను గొంతెత్తితే కంప్యూటర్ చచ్చిపోతుందని రత్న నమ్మింది. పుట్టుకతోనే వినికిడి లేని పిల్ల, మాట రాదు. దాని అనుమానం తప్పని తెలిసిన పెద్దవాళ్లు పెదబయలు చుట్టుపక్కల ముగ్గురున్నారు. పాఠం చెప్పే సత్యకుమారి, రత్న తల్లి సోములమ్మ, సంతబయలు పక్కన మైకుసెట్టు కొట్టు నడిపే గణపతిరావు. ఆ అనుమానం పోగొడదామని ముగ్గురూ నడుం కట్టి, చక్కగా దాన్ని రుజువు చేసి కూర్చున్నారు. మంచి చెయ్యాలనే తొందరలో మనుషులు చేసే పనులు ఒక్కోసారి ఇలాగే ఉంటాయి.

సత్యకుమారిది పార్వతీపురం. వినపడని, చూపు ఆనని, నడవలేని పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం మీద ఈ కొండల్లోకి వచ్చింది. మండల బడి వెనక పాత సామాన్లు పడేసే గదిని సగం ఖాళీ చేసి ఆమెకిచ్చారు. మిగతా సగంలో కాళ్లు విరిగిన బెంచీలు, చెదపట్టిన నల్లబల్లలు ఎప్పటిలాగే సంసారం చేసుకుంటున్నాయి. ఆ గదిలో చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే, ల్యాప్‌టాప్. విశాఖపట్నంలో ఒక సేవాసంస్థవాళ్లు తాము కొత్తవి కొనుక్కుని, పాతది పిల్లలకు పనికొస్తుందని ఇచ్చారు. 2007 నాటికే అది ముసలిది. ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్ అంటారు గానీ, దాన్ని ఒళ్లో పెట్టుకుంటే తొడలు చుర్రుమనేవి.

అందులో ఒక ఆట ఉంది. మైకు దగ్గర నోరు పెట్టి ఏదో ఒక శబ్దం చేస్తే తెర మీద కోతి చెట్టెక్కుతుంది. శబ్దం ఆగితే కోతీ ఆగుతుంది. దమ్ము పట్టి చివరిదాకా లాగితే చెట్టు కొసన మొవ్వు దాకా పోయి కాయ కోసి కింద పడేస్తుంది. ఆట తయారుచేసినవాళ్లు కొబ్బరిచెట్టు అనుకునే గీశారు. రత్న మాత్రం దాన్ని జీలుగు చెట్టు అనుకుంది. వాళ్ల అయ్య రోజూ పొద్దున్నే కల్లుకి ఎక్కేది జీలుగు చెట్టే మరి. కోతిని చూసినప్పుడల్లా వేలితో తెరను చూపించి, తర్వాత ఇంటివైపు కొండను చూపించి, తాగినవాడిలా తూలి నవ్వేది. తండ్రిని కోతిని చేసిందని సోములమ్మ నెత్తిన మొట్టికాయ వేసేది గానీ, తనూ నవ్వు ఆపుకోలేకపోయేది.

వినపడని పిల్లకు తన గొంతు ఎలా తెలుస్తుంది? సత్యకుమారి ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతి చాలా తేలిక. పిల్ల అరచేతిని దాని నోటి ముందే పెట్టించాలి. రెండో చేతిని గొంతు మీద ఆనించాలి. శబ్దం చేస్తే గొంతు వణుకుతుంది, అరచేతికి వెచ్చగా గాలి తగులుతుంది. అదిగో అదే నీ గొంతు అని సైగ చెయ్యాలి. రత్నకు ముందునుంచే ఒక శబ్దం ఉంది. కొండ మీద మేకల్ని మళ్లించేటప్పుడు 'హో' అని కేక పెట్టేది. అది ఎవరూ నేర్పింది కాదు. కేక పెడితే మేకలు తిరిగి చూస్తున్నాయి గనక అది పనికొచ్చే వస్తువేనని దానికి తెలుసు, అంతే. ఆ కేకతోనే కోతిని ఎక్కించడం మొదలుపెట్టింది. తన నోట్లోంచి వచ్చేదాన్ని కళ్లతో చూడటం రత్నకు అదే మొదలు. ఆ రోజు ఆ పిల్ల మొహం చూసి సత్యకుమారికి, ఈ ఉద్యోగానికి వచ్చినందుకు ఇది చాలనిపించింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సోములమ్మ వాళ్ల ఊరు బాగా పైన ఉంది. సంత రోజున విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని దిగేది. వాళ్లు వచ్చేసరికి దగ్గర ఊళ్ల పిల్లలు ఒక విడత ఆడేసి ఉండేవారు. మిషను అప్పటికే కాగి, ఆరిపోవడానికి సిద్ధంగా ఉండేది. రత్న వంతు వచ్చేది, 'హో' అనేది, కోతి సగం చెట్టెక్కేది, టక్కున తెర నల్లబడేది. వచ్చిన ప్రతి సంతకీ ఇదే వరస. మిగతా పిల్లలు అరిస్తే ఏమీ కాదు, తాను అరిస్తే చచ్చిపోతుంది. వినపడని పిల్ల కళ్లతోనే అన్నీ తేల్చుకుంటుంది. రత్న తేల్చుకున్నదాంట్లో తప్పు వెతకడం ఎవరికైనా కష్టమే.

ఒక సంతకి సత్యకుమారి మైకు ముందుకు జరిపితే రత్న రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత తెరను చూపించింది, తన గొంతును చూపించింది, అరచేతిని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది. చావుకి ఆ పిల్ల సైగ అది. తాత పోయినప్పుడు అలాగే చూపించింది, మేకపిల్ల పోయినప్పుడూ అలాగే చూపించింది. సత్యకుమారి 'కాదు, కాదు' అని తల అడ్డంగా ఊపింది. కళ్లెదుట జరిగినదాన్ని ఒక తల ఊపుడుతో కొట్టిపారేస్తే ఏ పిల్ల నమ్ముతుంది? రత్నా నమ్మలేదు.

మాట రాకపోతే పోనీ, అనుకుంది సత్యకుమారి. చేతులతో మాట్లాడుకుని హాయిగా బతికేవాళ్లు ఎంతమంది లేరు? కానీ తన గొంతు తగిలితే వస్తువులు చచ్చిపోతాయని అనుకుంటూ ఒక ఆడపిల్ల పెరగకూడదు. వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. సెలవులిస్తే రత్న కొండెక్కేస్తుంది. మళ్లీ బడి తెరిచేదాకా ఆ భయం దానితోపాటే ఉంటుంది. ఎదిగే పిల్లలో భయం కూడా పిల్లతోపాటే ఎదుగుతుంది. అలా జరక్కముందే మిషను బాగుపడాలి, బాగుపడిందని రత్న కళ్లారా చూడాలి.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, సోములమ్మను, రత్నను వెంటబెట్టుకుని ఆమె అప్పటికప్పుడు గణపతిరావు కొట్టుకు నడిచింది.

గణపతిరావుది చోడవరం వైపు. పెళ్లిళ్లకూ పండగలకూ మైకుసెట్లు అద్దెకిచ్చుకుంటూ, రేడియోలు బాగుచేసుకుంటూ ఏజెన్సీలోనే తల నెరిసింది. కరెంటుతో నడిచేదేదైనా తన చేతిలో పడితే దారికి రావలసిందేనని ఆయన ధీమా. ల్యాప్‌టాప్ కడుపు ఇంతకుముందెన్నడూ చూడలేదు. ఆ సంగతి చెప్పకుండానే మరలు విప్పేశాడు.

"ఇదండీ మేడమ్ గారూ దీని బుర్ర" అంటూ గోరంత చిప్పును స్క్రూడ్రైవరు కొసతో చూపించాడు. "బుర్ర మీద ఈ రాగి రేకు కూసుంటాది. రెండింటి మద్దెనా పేస్టుండాల. ఎండిపోయి పెచ్చులెలా లేసిపోయిందో సూడండి! నా ఆంప్లిఫయర్లోనూ ఇదే గొడవ. ట్రాన్సిస్టరుకి పేస్టు ఎండిపోయిందంటే సగం పెళ్లిలో పాట ఆగిపోతాది."

"పేస్టంటే, పళ్లు తోముకునేదా బాబూ?" అని అడిగింది సోములమ్మ.

"అదీ పెట్టేవోళ్లున్నారులే. రెండ్రోజులు పనిసేసి ఎండి ఊరుకుంటాది. నాకాడ అసలుదే ఉంది."

ఆయన బల్ల కింద నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. లోపల తెల్లటి పేస్టు ఎప్పటిదో, పైన గట్టి అట్ట కట్టి ఉంది. గణపతిరావు దాన్ని గోకి, రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, పాత సీసామూతలో శ్రద్ధగా నూరాడు. సోములమ్మ ముందుకు వంగి చూసింది.

"కుండ అడుక్కి మట్టి పూత్తారే, అలాగేటి?"

గణపతిరావు చెయ్యి ఆపి ఆలోచించాడు. ఆయన తల్లి కూడా కట్టెలపొయ్యి మీద గిన్నె పెట్టేముందు అడుక్కి మట్టి పూసేది. "అద్గదీ! సరిగ్గా సెప్పావు సోములమ్మా. అచ్చం అదే ఇది" అన్నాడు.

సత్యకుమారికి పార్వతీపురంలో తమ ఇంటి పెరడు కళ్ల ముందు మెదిలింది. మట్టి పల్చగా పూస్తే వాళ్లమ్మ ఒప్పుకునేది కాదు, గిన్నె మాడిపోతుందని మళ్లీ పూయించేది. "అయితే కాస్త దట్టంగానే పూయండి గణపతిరావు గారూ" అంది.

"దట్టంగా పూయి బాబూ" అంది సోములమ్మ.

"పూత్తాన్లెండి, మీరు సెప్పాలా ఏటి?" అన్నాడు గణపతిరావు.

మైదానం నుంచి వచ్చిన షావుకారు, కొండమీది ఆడమనిషి, చదువుకున్న టీచరు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఊళ్లో అరుదు. ఆ అపురూపమైన సందర్భంలో చిప్పు మీద తెల్లటి మెత్తు చుట్టూ పొంగేలా పడింది. రాగి రేకు పెట్టి నొక్కితే పక్కలకు కారింది. కారినదాన్ని గణపతిరావు వేలితో తీసి మళ్లీ రేకు కిందికే తోశాడు. మూత బిగించి, మిషను వేసి, పక్కన గాలి వచ్చే చీలికల దగ్గర చెయ్యి పెట్టి చూసి పొంగిపోయాడు.

"సల్లటి గాలి వత్తాంది మేడమ్ గారూ! సెయ్యెట్టి సూడండి!"

నిజమే, గాలి చల్లగా వస్తోంది. సత్యకుమారి మనసు కుదుటపడింది. రత్న ముందు మోకాళ్ల మీద కూర్చుని, బాగైపోయింది, ఇక చావదు అని చేతులతో చెప్పింది. ఒకటికి పదిసార్లు చెప్పి బతిమాలింది. రత్న తల్లి మొహం చూసింది, షావుకారు మొహం చూసింది. ఇద్దరూ నవ్వుతూ తలలూపారు. చివరికి ఎలాగో ధైర్యం చేసి మైకు దగ్గరికి వచ్చింది.

"హో" అంది.

కోతి కాలు కదిపిందో లేదో, తెర నల్లబడింది. ఎప్పుడూ సగం చెట్టుదాకా పోయే కోతి ఈసారి నేల మీదే ఆగిపోయింది.

రత్న ఏడవలేదు. అరచేయి బోర్లా తిప్పి చూపించనూ లేదు. ఆ ముగ్గురినీ ఒకసారి అలా చూసి, కొట్టులోంచి బయటికి వెళ్లి, తల్లి తెచ్చుకున్న అడ్డాకుల మోపు పక్కన వీపు తిప్పుకుని కూర్చుంది. ఆ చూపు సత్యకుమారిని చాలా రోజులు వదల్లేదు. నమ్మమని బతిమాలి నమ్మించి మరీ ఓడించామని ఆమెకు తెలుసు.

తర్వాతి సంతకి సోములమ్మ ఒక్కతే వచ్చింది.

"గుంట రానంది టీచరమ్మా. ఇంటికాడ కూడా నోరిప్పదు. నవ్వొచ్చినా సప్పుడు రానీదు, ఇలా మూసుకుంటాది" అని పైట నోటికి అడ్డం పెట్టి చూపించింది. "మేకలెలిపోతే 'హో' అని పిలిసీది కదా, ఇప్పుడు పిలవదు. వాటెనకాల పరిగెడతాది. మొన్న పడిపోయి మోకాలు సితికిపోయింది. అయినా పిలవలేదు. పిలిత్తే మేకలు సచ్చిపోతాయనుకుంటందో ఏటో!"

సోములమ్మ కోప్పడి ఉన్నా సత్యకుమారికి బాగుండేది. ఆమె కోప్పడలేదు, సంచిలోంచి చింతపండు ముద్ద తీసి బల్ల మీద పెట్టి, ఏదో ఒకటి చూడమ్మా అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సత్యకుమారి అద్దె ఇంటి పెరట్లో కట్టెలపొయ్యి ముందు కూర్చుంది. గ్యాసు అయిపోయింది, బండి వచ్చేదాకా కట్టెలే గతి. ధ్యాస ఎక్కడో పెట్టుకుని గిన్నె అడుక్కి మట్టి మెత్తింది. ఎసరు ఎంతకీ కాగలేదు. మంట చూస్తే భగభగమంటోంది, గిన్నెలో నీళ్లు చూస్తే నింపాదిగా ఉన్నాయి. మట్టి మరీ దట్టంగా పూశానా అనుకుంటూ ఊదుగొట్టం అందుకోబోయి, ఆమె అలాగే ఉండిపోయింది.

మంటను లోపలికి పోనీకుండా అడ్డుకోవడానికి కదా కుండకు మట్టి పూసేది! కుండకు మంట బయట ఉంటుంది. ఆ మిషనుకు మంట లోపల ఉంది. లోపలి వేడి బయటికి పోవలసిన దారిలో ముగ్గురూ కూడబలుక్కుని గోడ కట్టారు. చల్లగాలి వస్తోందని గణపతిరావు సంబరపడ్డాడే, వేడంతా లోపలే ఉండిపోతే బయటికి చల్లగాలి కాక మరేం వస్తుంది? సత్యకుమారికి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ రోజు సగం ఉడికిన అన్నమే తినేసి ఫోను బూతుకు పరిగెత్తింది.

విశాఖలో ఆ సంస్థ కంప్యూటర్లు చూసే వంశీ అనే అబ్బాయి ఫోనెత్తాడు. జరిగింది చెబితే అవతల పొడి దగ్గు వినిపించింది. నవ్వు మింగుతున్నాడని ఆమెకు అర్థమైంది.

"మేడమ్, చిప్పు, రాగి రెండూ నున్నగా కనిపిస్తాయి గానీ కంటికి కనపడని గుంటలుంటాయి. ఆ గుంటల్లో గాలి చేరితే వేడి దాటదు. వాటిని పూడ్చడానికే పేస్టు. అంతకు మించి ఒక్క పొర ఎక్కువైనా అడ్డమే. బియ్యపు గింజంత చాలు."

"అంతేనా?"

"అంతే. బాగా కుదిరిందంటే పక్క నుంచి గాలి వేడిగా రావాలి. చల్లగా వస్తే అనుమానించండి." తర్వాత ఏ పేస్టు కావాలో ఆమెనే తేల్చుకోమన్నాడు. "రెండు రకాలున్నాయి. తెల్లది మామూలుది. వెండి పొడి కలిపింది ఇంకోటి ఉంది, అది వేడిని ఇంకాస్త బాగా లాగుతుంది. నేనైతే వెండిదే వాడతాను. కాకపోతే అది చిప్పు పక్కనున్న చిన్న చిన్న ముక్కల మీదికి జారిందంటే షార్టయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు బోర్డే పోతుంది. తెల్లది జారినా తుడిచేసుకోవచ్చు."

కొండవాళ్ల ఇటుకల పండగ దగ్గరపడుతోంది గనక గణపతిరావు స్పీకర్ల కోసం ఎలాగూ విశాఖ వెళుతున్నాడు. రెండు పేస్టులూ ఆయన్నే తెమ్మంది. తాను పూసింది తప్పని వినగానే ఆయన కాస్త ముడుచుకున్నాడు గానీ, మరుక్షణం తేరుకుని, "కొబ్బరినూనె వల్ల తేడా వచ్చుంటాది" అని నేరం నూనె మీదికి నెట్టేశాడు.

ఆయన తిరిగి వచ్చేనాటికి పండగ మొదలైపోయింది. ఇటుకల పండగంటే మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు పండగ చందా కోసం రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని వచ్చే బండినల్లా ఆపుతారు. వేట నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడికి పేడనీళ్ల స్నానం తప్పదు. గణపతిరావు ఎక్కిన జీపును ఆపిన గుంపులో సోములమ్మ ఉంది. షావుకారును చూడగానే ఆమె పేడనీళ్ల కుండ ఎత్తింది.

"ఏటి బాబూ, వేటకెళ్లి ఏటి కొట్టుకొచ్చావు?"

గణపతిరావు జేబులోంచి చిటికెన వేలంత గొట్టాలు రెండు తీసి పైకెత్తి చూపించాడు. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఇంత చిన్న వేట పుట్టి బుద్ధెరిగాక చూడలేదని ఒకామె అంది. సోములమ్మ మాత్రం నవ్వకుండా కుండ కింద పెట్టి, "ఒగ్గియ్యండర్రా, ఆ వేట నా గుంటకి" అని తాడు వదిలించింది.

మర్నాడు కొట్టులో ముగ్గురూ మళ్లీ కూర్చున్నారు. గణపతిరావు పాత మెత్తునంతా స్పిరిట్టులో ముంచిన దూదితో తుడిచేశాడు. గోరంత చిప్పు అద్దంలా మెరిసింది. దాని చుట్టూ ఆవగింజల్లా చిన్న చిన్న ముక్కలు అంటించి ఉన్నాయి. వంశీ చెప్పినవి అవేనని సత్యకుమారి గుర్తుపట్టింది.

"వెండిదే పెట్టీద్దాం మేడమ్ గారూ" అన్నాడు గణపతిరావు. "కొట్టువోడు కూడా అదే మంచిదన్నాడు. గుంట కోసం సేత్తన్నప్పుడు తక్కువరకం ఎందుకండీ?"

ఆ ఆఖరి మాటే సత్యకుమారిని ఇబ్బంది పెట్టింది. నిజమే, రత్నకు అన్నిటికన్నా మంచిదే పెట్టాలని ఆమెకూ ఉంది. రెండు గొట్టాలనూ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. వెండిది నిగనిగలాడుతోంది. తెల్లది చూస్తే సున్నంలా ఉంది. వెండిది సరిగ్గా కుదిరితే ఇంకాస్త చల్లబడుతుంది. కుదరకపోతే రత్న కళ్లెదుట ఈ మిషను ఇంకెప్పుడూ లేవదు, ఇక ఆ పిల్లను నమ్మించే దారే ఉండదు. ఎంత బాగుంటే ఎంత లాభమని కాదు, చెయ్యి జారితే ఎంత పోతుందని చూసుకోవాలి. తప్పు చేస్తే క్షమించే పేస్టు ఈ రెండింట్లో ఏది?

"తెల్లదే పెడదాం" అంది.

గణపతిరావు మొహం చిన్నబోయింది. "నా సెయ్యి మీద నమ్మకం లేదన్నమాట."

"మీ మీద లేదు, నా మీదా లేదు. సోములమ్మ మీద అసలే లేదు. మన ముగ్గురిదీ దండిగా పెట్టే చెయ్యి గణపతిరావు గారూ. అన్నం పెట్టినా అంతే, మట్టి పూసినా అంతే. మనలాంటివాళ్లకి తెల్లదే సరి."

గణపతిరావు కాసేపు అలకగానే ఉన్నాడు. సోములమ్మ కిసుక్కున నవ్వేసరికి ఆయనా నవ్వేశాడు. "అదీ నిజమేనండి. మా ఇంట్లో ఆవకాయలో నూనె సూసి మా బామ్మర్దులు నవ్వుతారు" అన్నాడు.

గొట్టం నొక్కితే బియ్యపు గింజంత వచ్చింది. చూస్తే ఎవరికైనా ఇంకాస్త పెట్టాలనిపించేంత తక్కువగా ఉంది. గణపతిరావు బొటనవేలు దానంతటదే మళ్లీ గొట్టం మీదికి పోయింది. సత్యకుమారి గొట్టం లాక్కుని జాకెట్టులో దోపేసుకుంది. పాత శుభలేఖ అంచుతో ఆ గింజనే చిప్పు మేరకు పల్చగా లాగి, రాగి రేకు బిగించి, మిషను వేశారు. కాసేపటికి గణపతిరావు చీలికల దగ్గర చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"పోయిందండీ! వేడి గాలి వత్తాంది!"

సత్యకుమారి తన అరచేయి అక్కడ పెట్టింది. వెచ్చని గాలి ఆగకుండా తగిలింది. రత్నకు ఈ సంగతి మాటలతో చెప్పనక్కర్లేదని ఆమెకు అప్పుడే తోచింది.

సెలవులకు ముందు ఆఖరి సంత వచ్చింది. ఆ రోజు సత్యకుమారి కావాలనే మిగతా పిల్లలందర్నీ ఎప్పటిలాగే ముందు ఆడనిచ్చింది. రత్న కళ్లతో చూసి తేల్చుకునే పిల్ల గనక అన్నీ పాతలాగే ఉండాలి. బేరాలు వదులుకుని గణపతిరావు కూడా వచ్చి విరిగిన బెంచీ మీద బ్యాలెన్సు చేసుకుంటూ కూర్చున్నాడు. సోములమ్మ పిల్లను దాదాపు ఈడ్చుకొచ్చింది. రత్న నోటికి తువ్వాలు చుట్టుకుని ఉంది.

"దారంతా అంతే టీచరమ్మా, ఎంత సెప్పినా ఇప్పదు."

సత్యకుమారి మైకును రత్న వైపు జరపలేదు. దాని చెయ్యి పట్టుకుని మిషను పక్కనున్న చీలికల దగ్గర పెట్టింది. వేడి గాలి తగలగానే రత్న చెయ్యి లాక్కుంది. అరచేతిని చూసుకుని మళ్లీ తనే పెట్టింది. సత్యకుమారి మైకు తీసుకుని 'ఆ' అని దీర్ఘం తీసింది. కోతి ఎక్కింది, కాయ కోసింది, దిగింది. తెర వెలుగుతూనే ఉంది. గణపతిరావు లేచి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటే కోతి ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగి ఆగి ఎక్కింది. పిల్లలంతా నవ్వారు. తర్వాత సోములమ్మ సిగ్గుపడుతూ మైకు దగ్గర వంగి, అచ్చం కూతురు మేకల్ని పిలిచినట్టే 'హో' అంది. అప్పుడూ తెర నల్లబడలేదు. రత్న అంతసేపూ చీలికల దగ్గర చెయ్యి తీయలేదు. తీయలేదు గానీ తువ్వాలూ విప్పలేదు. చివరికి వెళ్లి బెంచీల చాటున కూర్చుంది.

వేడికి పేస్టు దొరికింది, భయానికి ఎక్కడ దొరుకుతుంది? అందరూ బతికించారు, చంపేది నేను ఒక్కదాన్నే అని ఇప్పుడు ఇంకా గట్టిగా అనుకుంటోందేమో ఆ పిల్ల. బతిమాలితే మళ్లీ పాత తప్పే అవుతుంది. సత్యకుమారి మిషను మూత దించబోయింది.

ఒక చిన్న చెయ్యి వచ్చి మూతను ఆపింది.

రత్న తువ్వాలు కిందికి లాక్కుంది. ఒక అరచేతిని చీలికల దగ్గర పెట్టింది, రెండోదాన్ని తన నోటి ముందు పెట్టుకుంది. రెండుచోట్లా గాలి తగులుతోందా అన్నట్టు కాసేపు అలాగే ఉంది. తర్వాత, వినీ వినపడకుండా, 'హో' అంది. కోతి ఒక్క అడుగు కదిలింది. రత్న కోతిని చూడలేదు. తల వంచుకుని చీలికల దగ్గరి చేతినే చూస్తోంది. గాలి వస్తూనే ఉంది. ఇంకాస్త గట్టిగా అంది. గాలి వస్తూనే ఉంది. అప్పుడు ఊపిరి నిండా పీల్చుకుని, కొండ మీద తప్పిపోయిన మేకను పిలిచినట్టు, గది అదిరేలా కేక పెట్టింది. కోతి మొవ్వు దాకా పోయి కాయ తెంపి పడేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రత్న అది కూడా చూడలేదు. దాని కళ్లు ఇంకా చేతి మీదే ఉన్నాయి. వేడి గాలి ఆగలేదని పూర్తిగా నమ్మకం కుదిరాకే తలెత్తింది.

తలెత్తేసరికి సోములమ్మ గుమ్మం దగ్గర పైట కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా ఏడుస్తోంది. భుజాలు కదిలిపోతున్నాయి.

రత్న గబగబా తల్లి దగ్గరికి పోయింది. నోట్లోంచి కొంగు బలంగా లాగేసింది. వద్దు, మూసుకోవద్దు అని తల అడ్డంగా ఊపింది. తల్లి అరచేతిని పట్టుకుని తల్లి నోటి ముందే పెట్టింది.

సోములమ్మ గొంతు విప్పి పెద్దగా ఏడ్చింది. రత్న ఆమె అరచేతిలోకి తొంగి చూసి, గాలి తగులుతోంది కదా అన్నట్టు నవ్వింది, చప్పుడు చేస్తూ.